చీమకు కాళ్లు ఎక్కడ మొలుస్తాయి?

జూన్ 12న బడులు తెరుస్తారు. మరో పది రోజులకు ఆరుద్ర కార్తె ప్రవేశిస్తుంది. అప్పటికి నాలుగు వానలు పడి నేల నానితే అనకాపల్లి జిల్లా సబ్బవరం చుట్టుపక్కల మెట్ట చేలల్లో, జీడిమామిడి తోటల్లో ఆరుద్ర పురుగులు మట్టిలోంచి పైకొస్తాయి. మఖ్మల్ గుడ్డ కత్తిరించి చేసినట్టు ఎర్రగా, మెత్తగా ఉండే ఈ ప్రాణులు కొద్ది రోజులే కనబడతాయి. ఆ తర్వాత మళ్లీ ఏడాది దాకా వాటి జాడ ఉండదు. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయని, కదిలించకుండా వదిలేస్తే కాసేపటికి మళ్లీ నడక సాగిస్తాయని పల్లె పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉసిళ్లు లేచే రోజుల్లోనే ఇవీ కనబడతాయని కొందరు గమనించే ఉంటారు. ఎదిగిన ఆరుద్ర పురుగుకు ఉసిళ్లు మంచి తిండి.

ఇంకొన్ని వారాలకు ఫార్మేటివ్ పరీక్ష వస్తుంది. దాంతో పాటే పరిసరాల విజ్ఞానంలో ప్రాజెక్టు పని. చాలా బడుల్లో ఆ పని ఒక్కటే తీరుగా ఉంటుంది: జంతువుల బొమ్మలు సేకరించి అతికించాలి. పిల్ల ఇంటికెళ్లి డబ్బులడుగుతుంది. స్టేషనరీ షాపులో బొమ్మల షీటు, ఒక ఛార్టు కొంటారు. షీటు మీద సింహం, జీబ్రా, జిరాఫీ, కంగారూ, పెంగ్విన్ ఉంటాయి. కత్తిరించి, జిగురు రాసి అతికిస్తారు. కింద పేర్లు చాలాసార్లు అక్కో అమ్మో రాసిపెడుతుంది, దస్తూరీ బాగుండాలని. మార్కులు పడతాయి. తన అరచేతిలో నడిచిన ఆరుద్ర పురుగు మాత్రం ఆ ఛార్టు మీదికి రాదు. దాన్ని బొమ్మ వేయొచ్చని గానీ, దాని గురించి నాలుగు మాటలు రాయొచ్చని గానీ, అదీ సైన్సేనని గానీ ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ప్రాథమిక బడిలో బొమ్మలు వేయడం, సైన్సు నేర్వడం, సొంతంగా రాయడం మూడూ ఒకే పనిగా సాగాలి. ఆ పని పిల్లలు తమ కళ్లతో చూసిన ప్రాణితో మొదలు కావాలి. ఇది కొత్త సిద్ధాంతం ఏమీ కాదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలనే చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కళలను మిగతా సబ్జెక్టులతో కలిపి నేర్పమంటోంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయినా మూడు పనులకు మూడు పీరియడ్లు, మూడు నోటుబుక్కులు, వాటి మధ్య గోడలు అలాగే ఉన్నాయి. ఆ గోడలు ఎక్కడున్నాయో, వాటిని తీయడానికి ఏం కావాలో వివరంగా చూడాలి.

ముందు రాత సంగతి. మన బడుల్లో సొంత రాత అంటే ఇప్పటికీ ఆవు వ్యాసమే. ఆవుకు నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక ఉంటాయని, అది సాధుజంతువని తరతరాలుగా రాయిస్తున్నాం. ఇంటి ముందు ఆవును కట్టేసుకున్న పిల్లాడూ అదే రాస్తాడు, ఆవును టీవీలో తప్ప చూడని పిల్లాడూ అదే రాస్తాడు. ఇంట్లో ఆవున్న పిల్లాడికి అది ఏ వేళకు నెమరు వేస్తుందో, నెమరు వేసేటప్పుడు దవడ ఎటు పక్కకు కదులుతుందో, ఈగలు వాలితే తోక చేరని చోట చర్మాన్ని ఎలా అదిలిస్తుందో తెలుసు. అందులో ఒక్క ముక్క కూడా వ్యాసంలోకి రానివ్వలేదు మనం. తెలిసింది రాయడం తప్పు, చెప్పింది రాయడం ఒప్పు అనే పాఠం ఏడేళ్లకే పిల్లలకు ఎక్కించేస్తున్నాం. పదో తరగతిలో సొంతంగా ఒక పేరా రాయమంటే చేతులెత్తేయడానికి బీజం ఇక్కడే పడుతోంది.

ఇక బొమ్మ. రెండో తరగతి పిల్లల్ని చీమ బొమ్మ వేయమనండి. చాలామంది రెండు గుండ్రాలు గీసి, వెనక గుండ్రానికి కాళ్లు తగిలిస్తారు. కొందరు నాలుగు కాళ్లు, కొందరు పది. తర్వాత తెల్ల కాగితం మీద కాస్త బెల్లం పొడి చల్లి, చీమలు చేరాక భూతద్దం ఇచ్చి మళ్లీ వేయమనండి. అప్పుడు బొమ్మ మారిపోతుంది. తల, నడుము, పొట్ట వేరు వేరుగా కనబడతాయి. కాళ్లు ఆరు. ఆరూ మధ్య భాగం నుంచే వస్తున్నాయి, పొట్టకు ఒక్క కాలూ లేదు. మీసాలు నిటారుగా లేవు, మోచేతుల్లా వంగి ఉన్నాయి. ఇవన్నీ టీచరు నల్లబల్ల మీద రాసి చెప్పినా పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో ఒప్పజెబుతారు. గీసేటప్పుడు మాత్రం పెన్సిల్ ఆగి అడుగుతుంది, కాలు ఎక్కడ పెట్టాలని. జవాబు కోసం పిల్ల మళ్లీ చీమ వైపు చూడాల్సిందే. ఆ రెండో చూపు కోసమే బొమ్మ వేయించాలి. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఆరుద్ర పురుగును అలాగే వేయిస్తే పిల్లలు ఇంకొకటి కనుక్కుంటారు. దానికి కాళ్లు ఎనిమిది. అంటే అది చీమకు, తూనీగకు కాదు, సాలెపురుగుకు, తేలుకు చుట్టం. వర్గీకరణ అనే బరువైన పాఠం మూడో తరగతి పిల్ల వేళ్ల మీద కాళ్లు లెక్కపెట్టడంతో మొదలైపోయింది. పురుగు అని పిలుస్తున్నాం గదా, మరి కీటకం ఎందుకు కాదు అని అడిగే పిల్ల ఆ తరగతిలో ఉండి తీరుతుంది.

ఈ పద్ధతికి విశాఖ గడ్డ మీదే పాత ఉదాహరణ ఉంది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. అతని తమ్ముడు ఇక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. 1785లో రస్సెల్ కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు. అతని ముందున్న పెద్ద ప్రశ్న పాములది. ఏ పాము కరిస్తే ప్రాణం పోతుంది, ఏది కరిస్తే ఏమీ కాదు అన్నది జనానికి తెలిసేలా చేయాలనుకున్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో బొమ్మలతో పుస్తకం తెచ్చాడు. 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలతో రెండు సంపుటాలు వెలువడ్డాయి. ఒక్కొక్క ప్రాణినీ ముందు పెట్టుకుని పొలుసులు లెక్కపెట్టి, బొమ్మ గీయించి, చూసింది చూసినట్టు రాయడమే అతని పద్ధతి. ఈ రోజు ప్రపంచమంతా అతని పేరుతో పిలిచే విషసర్పం మన రక్తపింజర.

ఇందులో మన పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. రస్సెల్ ఆ ప్రాణుల పేర్లు ఇక్కడి జనాన్ని అడిగి రాసుకున్నాడు. రక్తపింజరకు అతని పుస్తకంలో ఉన్న పేరు కటుక రేకుల పొడ. కట్లపాముల ప్రజాతికి శాస్త్రలోకం పెట్టిన బంగారస్ అనే పేరు అతను నమోదు చేసిన బంగారం పాము నుంచి వచ్చింది. వాలుగ చేప ప్రజాతికి వాలగో అన్న పేరూ అలాగే వెళ్లింది. అంటే విశాఖ తీరంలో వల లాగిన మనిషి నోటి మాట, పాములు పట్టిన మనిషి నోటి మాట జీవశాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయాయి. ఆ మనుషుల పేర్లు మనకు మిగల్లేదు. వాళ్ల మనవలు, మునిమనవల పిల్లలు ఇప్పుడు మన బడుల్లో కూర్చుని, ఇంట్లో తెలిసిన చేపల పేర్లు పక్కన పెట్టి ఛార్టు మీద షార్క్, డాల్ఫిన్ అని రాస్తున్నారు. గిజిగాడు, పాలపిట్ట, జెర్రి, రోకలిబండ, పేడపురుగు అని తెలిసిన ప్రతి పేరూ ఒక పాఠానికి తలుపు. పెంకుటింటి అరుగు మీద కూర్చున్న నాయనమ్మ దగ్గర ఇలాంటి పేర్లు యాభై ఉంటాయి. ప్రాజెక్టు పనికి ఆమె కంటే మంచి వనరు లేదు.

అదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కల మీద ఇదే పని చేశాడు. ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని వందల మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి అవి లండన్‌లో అచ్చయ్యాయి. శాస్త్రం, చిత్రం, రాత విడిపోని రోజులవి. విడదీసింది మన టైంటేబుల్.

బడిలో ఇది ఎలా సాగుతుందో ఒక్క ప్రాణితో చెబుతాను. దాదాపు ప్రతి బడి ఆవరణలో, లేకపోతే పక్కింటి పెరట్లో కరివేపాకు చెట్టో నిమ్మ చెట్టో ఉంటుంది. వానాకాలంలో లేత ఆకులను తిప్పి చూస్తే గసగసాలంత, లేత పసుపు గుడ్డు ఒకటి కనబడుతుంది. నిమ్మ సీతాకోకచిలుక ఒక్కో గుడ్డును విడివిడిగా పెడుతుంది. మూడు నాలుగు రోజులకు అందులోంచి నల్లటి చిన్న పురుగు వస్తుంది. కొన్నాళ్లకు దాని ఒంటి మీద తెల్ల మచ్చలు తేలి, అచ్చం ఆకు మీద పిట్ట రెట్ట వేసినట్టు కనబడుతుంది. చాలామంది రెట్టే అనుకుని వదిలేస్తారు. పిట్టలూ అలాగే వదిలేస్తాయి, దాని బతుకు రహస్యం అదే. చర్మం మార్చుకుంటూ పెరిగి పెరిగి చివరి దశలో ఉన్నట్టుండి పచ్చగా మారిపోతుంది. అప్పటికది రెట్టలా కనబడలేనంత పెద్దదైంది కాబట్టి ఇక ఆకు రంగులో దాక్కోవాలి. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. తరగతిలో ఆ కొమ్ములు చూసిన పిల్లలు కేకలు పెడతారు. పెట్టనివ్వాలి.

తర్వాత ఒక రోజు అది తినడం మానేసి కొమ్మకు అంటుకుంటుంది. నడుము చుట్టూ సన్నటి పట్టు దారం వేసుకుని, చర్మం వదిలి, ప్యూపా అవుతుంది. ప్యూపా కొన్నిసార్లు పచ్చగా, కొన్నిసార్లు మట్టి రంగులో ఉంటుంది. పక్కన ఆకులున్నాయా, ఎండు కొమ్మ ఉందా అన్నదాన్ని బట్టి రంగు తేలుతుందని పిల్లలు రెండు మూడింటిని పోల్చి పట్టుకోగలరు. సుమారు ఓ వారం పది రోజుల తర్వాత ప్యూపా నల్లబడి, పొర లోంచి రెక్కల మచ్చలు కనబడతాయి. ఆ మర్నాడు పొద్దున్నే సీతాకోకచిలుక బయటికొస్తుంది. అప్పుడు దాని రెక్కలు ముడతలు పడి, తడిగా, చిన్నవిగా ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి పంపుతూ మెల్లగా విచ్చదీస్తుంది. అవి ఆరి గట్టిపడే దాకా ఎగరలేదు. గుడ్డు నుంచి ఇక్కడి దాకా మూడు నాలుగు వారాలు.

ఈ మూడు నాలుగు వారాలే ప్రాజెక్టు. ఒక్కో పిల్లకూ ఒక నోటుబుక్కు, పెన్సిల్, కుట్టుపనికి వాడే టేపు ముక్క ఉంటే చాలు. రోజూ ఒక చిన్న బొమ్మ, తేదీ, పొడవు, రెండు వాక్యాలు. ఈ రోజు ఎన్ని ఆకులు తిన్నది, ఏ రంగులో ఉంది, నిన్నటికీ నేటికీ తేడా ఏమిటి. పొడవు కొలవడం లెక్కలు. తేడా రాయడం తెలుగు. తేడా ఎందుకొచ్చిందని అడగడం సైన్సు. నాలుగు దశల జీవితచక్రం ఛార్టు ఎప్పుడూ ఒక సంగతి దాచేస్తుంది: కొన్ని పురుగులు మధ్యలో చచ్చిపోతాయి. ఒక్కోసారి ప్యూపా లోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు బయటికొస్తాయి, వాటి తల్లి ముందే లోపల గుడ్లు పెట్టేసి ఉంటుంది. నోటుబుక్కులో అదీ రాయాలి. పిల్లలు అలాంటి పేజీని చక్కగా రాస్తారు, ఎందుకంటే వాళ్లకు అది నిజంగా బాధ కలిగించింది.

యూరప్‌లో ఈ పని మొదట ఓపికగా చేసినవాళ్లలో మరియా సిబిల్లా మేరియన్ ఒకరు. 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. మారుతండ్రి చిత్రకారుడు. పదమూడేళ్లప్పుడు పట్టుపురుగులు పెంచి, వాటి దశలు గీయడంతో మొదలుపెట్టింది. పురుగులు మురికి నుంచి, బురద నుంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మిన కాలమది. 1679లో గొంగళిపురుగుల మీద పుస్తకం తెచ్చింది. 52 ఏళ్ల వయసులో కూతురిని తీసుకుని దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడలో వెళ్లి, అక్కడి కీటకాలను గీసి 1705లో మరో పుస్తకం అచ్చేయించింది. ఆమె బొమ్మల్లో గుడ్డు, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అన్నీ అవి తినే మొక్క మీదే ఉంటాయి, పక్కనే ఆమె రాసిన పరిశీలన ఉంటుంది. విశ్వవిద్యాలయం మెట్టెక్కని ఆడమనిషి పెన్సిల్, రంగులు, ఓపిక పెట్టుబడిగా జీవశాస్త్రానికి ఇచ్చిన కానుక అది. పదమూడేళ్ల పిల్లకు పట్టుపురుగుతో సాధ్యమైంది తొమ్మిదేళ్ల పిల్లకు కరివేపాకు పురుగుతో ఎందుకు సాధ్యం కాదు?

ఇక్కడ టీచర్లు లేవనెత్తే అభ్యంతరాలు ఉన్నాయి. వాటిలో న్యాయం ఉంది, తోసిపుచ్చడం కుదరదు.

మొదటిది మనుషుల కొరత. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. కళావిద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి చట్టం 6 నుంచి 8 తరగతులకే, అదీ వంద మంది పిల్లలు దాటితేనే అడుగుతుంది. ప్రాథమిక బడిలో డ్రాయింగ్ మాస్టారు అనే మాటే లేదు. కాబట్టి కళ ప్రత్యేక పీరియడ్‌గా వస్తుందని ఎదురుచూడటం వృథా. ఉన్న ఇద్దరు టీచర్లు చెప్పే పరిసరాల విజ్ఞానం, తెలుగు లోపలికే అది రావాలి. పైగా రకరకాల తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండటం ఈ పనికి అడ్డం కాదు, అనుకూలం. ఒకటో తరగతి పిల్ల పురుగు బొమ్మ వేసి పేరు రాస్తుంది. మూడో తరగతి పిల్లాడు పొడవు కొలుస్తాడు. ఐదో తరగతి పిల్ల ఎందుకు, ఎలా అని పేరా రాస్తుంది. ఒకే పురుగు ఐదు తరగతులకూ సరిపోతుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం బహుళ తరగతి బోధనకు కార్డుల పద్ధతి తయారుచేస్తే, తమిళనాడు దాన్నుంచి నేర్చుకుని వేల బడుల్లో అమలు చేసింది. రాయలసీమ పల్లెల్లో పుట్టిన పద్ధతి మన ఉత్తరాంధ్ర బడులకు పరాయిది కాకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పిల్లలకు చదవడం, రాయడమే రావడం లేదు, ఈ బొమ్మలెందుకు అంటారు. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలని 2026-27ను గడువుగా పెట్టింది. ఆ ఒత్తిడి టీచర్ల మీద రోజూ ఉంటుంది. నా జవాబు ఒక్కటే. రాత రావాలంటే రాయడానికి ఏదైనా ఉండాలి. నల్లబల్ల మీది వాక్యాన్ని పది సార్లు ఎత్తి రాసిన పిల్లకు అక్షరాలు వస్తాయి, రాత రాదు. "ఇవాళ పురుగు తినలేదు. కొమ్మకి అంటుకుంది. నడుముకి దారం ఉంది" అని రాసిన పిల్ల తన బతుకులో మొదటిసారి ఇంకొకరికి తెలియని సంగతిని అక్షరాల్లో పెట్టింది. అందులో వత్తు తప్పినా, దీర్ఘం జారినా తర్వాత దిద్దొచ్చు. ఎర్ర సిరాతో ఆ పేజీ నింపేస్తే మాత్రం రేపు ఆమె మళ్లీ ఆవు వ్యాసానికే వెళ్లిపోతుంది. నిపుణ్ భారత్ అడిగే ఫలితం కూడా ఇదే, చదివింది అర్థం చేసుకోవడం, అనుకున్నది రాయగలగడం.

మూడోది మార్కులు. నా లెక్కలో అసలు చిక్కు ఇక్కడుంది. ప్రాజెక్టుకు మార్కులు శుభ్రతకు, రంగులకు, ఛార్టు సైజుకు పడుతున్నంత కాలం స్టేషనరీ షాపే గెలుస్తుంది. ప్రైవేటు బడుల సైన్స్ ఫెయిర్లలో ఇది ఇంకా ముదిరింది. థర్మోకోల్‌తో చేసిన అగ్నిపర్వతాలు, జీవకణాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, లేకపోతే తల్లిదండ్రులు రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేస్తారు. పిల్లాడు పొద్దున్నే మోసుకెళ్లి, ఎవరో రాసిచ్చిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెబుతాడు. ఇందులో పిల్లాడి తప్పు లేదు, తల్లిదండ్రుల తప్పూ పెద్దగా లేదు. ఏది కనబడితే దానికి మార్కులేస్తున్న పద్ధతిదే తప్పు. వంకర టింకరగా ఉన్నా కాళ్లు సరైన చోట పెట్టిన చీమకు పది మార్కులు, షాపులో కొన్న సింహానికి సున్నా అని ఒక్క ఏడాది గట్టిగా నిలబడితే పరిస్థితి మారుతుంది.

చూసిన ప్రాణి తర్వాత ఊహించిన ప్రాణి రావచ్చు. పిల్లలకు ఇది అన్నిటికంటే ఇష్టమైన పని. సింహాచలం కొండ మీది వరాహ నరసింహ రూపాన్ని కొలిచే ఊళ్లివి. గుడి తోరణం మీద మకరం, కథల్లో గండభేరుండం పిల్లలకు కొత్త కాదు. రెండు ప్రాణుల లక్షణాలు కలిస్తే ఏమవుతుందన్న ఊహ మన సంస్కృతిలోనే ఉంది. దానికి సైన్సు షరతు ఒక్కటి కలపాలి. ఊహించిన ప్రాణి ఒక నిజమైన చోట బతకాలి. కొండకర్ల ఆవ నీటి మొక్కల మధ్య బతికే ప్రాణి అయితే ముక్కు ఎలా ఉండాలి, వేళ్ల మధ్య చర్మం కావాలా? నడి ఎండలో మెట్ట చేలో బతికేదైతే నీళ్లెక్కడ దాచుకుంటుంది? పోర్టు దగ్గర రాత్రంతా దీపాలు వెలిగే చోట బతికేదైతే కళ్లు ఎలా ఉండాలి? బొమ్మ వేసి, ప్రతి అవయవానికీ కారణం రాయాలి. కారణం చెప్పలేని కొమ్మును చెరిపేయాలి. రెక్కలు పెట్టి ఒళ్లు ఏనుగంత గీసిన పిల్లాణ్ణి తోటి పిల్లలే నిలదీస్తారు, ఎలా ఎగురుతుందిరా అని. ఆ వాదనలో అనుకూలనం అనే పాఠం మొత్తం వచ్చేస్తుంది. చూడటం నేర్చుకోకముందే ఊహించమంటే మాత్రం టీవీ కార్టూన్లే వస్తాయి. కాబట్టి వరస మార్చకూడదు.

సబ్బవరం పిల్లలకు ఈ పని అత్యవసరం కావడానికి మరో కారణం ఉంది. ఈ మండలం కళ్ల ముందే మారిపోతోంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా అనకాపల్లి అయింది గానీ ఊరి చూపు విశాఖ వైపే. అనకాపల్లి నుంచి ఆనందపురం వెళ్లే ఆరు వరసల రోడ్డు ఇటుగా వచ్చింది. న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, వంగలిలో పెట్రోలియం విద్యాసంస్థ వచ్చింది. వాటి చుట్టూ లేఅవుట్లు లేస్తున్నాయి. రోడ్డునో, కాలేజీనో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఇక్కడి పిల్లలు వాటిలో చదవాలనే కోరుకుంటాను. అయితే సరిహద్దు రాళ్లు పాతిన చేను మళ్లీ దున్నరు. దున్నని చోట ఆరుద్ర పురుగుల సంగతేమిటి? నూతి మీదికి వంగిన ఈతచెట్టు కొట్టేస్తే గిజిగాళ్లు ఎక్కడికెళ్లాయి? దీనికి జవాబు చెప్పే రికార్డు ఎవరి దగ్గరా లేదు. పిల్లల నోటుబుక్కులు ఆ రికార్డు కాగలవు.

గిజిగాణ్ణే తీసుకోండి. వానాకాలంలో మగ పిట్ట పచ్చి గడ్డి, వరి ఆకుల పోచలు చీల్చి తెచ్చి గూడు అల్లుతుంది. సగం అల్లాక, హెల్మెట్ ఆకారానికి వచ్చినప్పుడు ఆడ పిట్టలు వచ్చి చూస్తాయి. నచ్చితేనే మగపిట్ట కింది గొట్టం దాకా పూర్తి చేస్తుంది. నచ్చకపోతే చాలాసార్లు ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, పిట్ట పక్కన ఇంకొకటి మొదలెడుతుంది. గాలికి రాలిన గూళ్లు తెచ్చి బల్ల మీద పెడితే పూర్తయినవెన్ని, సగంలో ఆగినవెన్ని అని పిల్లలు లెక్క తేలుస్తారు. అల్లికను గీయడం మొదలెడితే ఆ ముడులు ఎంత కష్టమో వాళ్ల వేళ్లకు తెలుస్తుంది. ఏ చెట్టుకు ఎన్ని గూళ్లు ఉన్నాయో ఏటా రాసి ఉంచితే పదేళ్లకు ఆ ఊరి చరిత్రలో ఒక అధ్యాయం తయారవుతుంది. పరవాడ, భీమిలి వైపు తీరపు బడులకు సముద్ర తాబేళ్లున్నాయి. అవి చలికాలం చివర ఇసుకలో గుడ్లు పెట్టినప్పుడు ఇసుక వేడిని బట్టి ఆడ, మగ పిల్లలు తేలతాయి. ఒక్కో బడికి దాని చుట్టూ ఉన్న ప్రాణే పాఠం, అందరికీ ఒకే ఛార్టు అవసరం లేదు.

జాగ్రత్తలు తప్పనిసరి. పాము, తేలు, జెర్రి జోలికి పిల్లల్ని పంపకూడదు. నూగు గొంగళిపురుగు ముట్టుకుంటే దద్దుర్లు లేస్తాయి. రామచిలుకను, తాబేలును పట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. చూడాలి, గీయాలి, రాయాలి, ఎక్కడిది అక్కడే వదిలేయాలి.

చేయాల్సినవి పెద్ద ఖర్చు లేనివే. శనివారాలను నో బ్యాగ్ డేగా ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో ఆటలు, పాటలతో పాటు ఒక గంట ఈ పరిశీలనకు ఇవ్వొచ్చు. రంగులు కొనలేని బడిలో బొగ్గు, పసుపు, ఆకు పసరు, సున్నం చాలు. ఇదే జిల్లాలోని ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్ర బొమ్మలకు గింజల నుంచి, వేళ్ల నుంచి తీసిన రంగులతో ప్రపంచాన్ని మెప్పించారు. వాళ్లలో ఒకరిని బడికి పిలిస్తే రంగు ఎక్కడి నుంచి వస్తుందన్నదీ పాఠమే. జనవిజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి లాంటి పిల్లల సైన్సు పత్రికలు మంచి పేజీలను అచ్చేస్తే పిల్లలకు చదివేవాళ్లు దొరుకుతారు.

అన్నిటికంటే ముందు స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట టీచర్ల ముందు బెల్లం పొడి, చీమలు, భూతద్దం పెట్టాలి. నివేదికలు, యాప్‌లు ఆ పూటకు పక్కన పెట్టి ముందు వాళ్లు గీయాలి. తర్వాత ఆ కాంప్లెక్స్ బడులన్నిటికీ ప్రాజెక్టు మార్కుల ప్రమాణం అక్కడే మార్చి రాయాలి: పిల్ల స్వయంగా చూసిందా, బొమ్మలో చూసిన సంగతి ఉందా, రాసిన వాక్యం తనదేనా, తేదీ వేసిందా. మూడో తరగతిలో మొదలుపెట్టిన నోటుబుక్కు పిల్లతో పాటే నాలుగుకు, ఐదుకు రావాలి. ఐదు దాటాక టీసీతో పాటు హైస్కూలుకు వెళ్లాలి. అక్కడ ఆరో తరగతి సైన్సు టీచరు మొదటి పాఠం చెప్పేముందు దాన్ని తెరిచి చదవాలి.